పేరు ఒక బడిలో, పిల్లాడు ఇంకో గదిలో

"ఎక్కడ దిగుతారు సార్?" అన్నాడు ఆటో అబ్బాయి.

"భవిత కేంద్రం దగ్గర."

అతనికి తెలియలేదు. వెనక సీట్లో మిరప కోతకు పోతున్న ఒకావిడ అందుకుంది. "అదేరా, ఆ పిల్లల బడి."

దాంతో తెలిసిపోయింది. ఏ పిల్లలని అతను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మన ఊళ్లలో ఈ 'ఆ' అనే ఒక్క అక్షరం చేసే పని ఇంతా అంతా కాదు.

ఫిబ్రవరి నెల. సత్తెనపల్లి నుంచి పిడుగురాళ్ల పోయే రోడ్డు మీద బస్సు దిగి, బెల్లంకొండకు ఆటో ఎక్కాను. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆటోలో ఆ ఘాటుకు తుమ్మినవాణ్ణి నేనొక్కణ్ణే. బయటివాళ్లకు బెల్లంకొండ అంటే కొండ మీద కోట. 1515లో కృష్ణదేవరాయలు కొండవీటిని పట్టుకునే దండయాత్రలో ఈ దుర్గం కూడా గజపతుల చేతి నుంచి జారిపోయింది. కోట కాకపోతే కోహినూరు. ఆ వజ్రం దొరికిందని చెప్పే కొల్లూరు గనులు ఈ మండలంలోవే, ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉన్నాయి. కోట చూడాలనీ, వజ్రాల కథ వినాలనీ వచ్చేవాళ్లు ఏటా ఎవరో ఒకరు ఉంటారట. భవిత కేంద్రం చూస్తానని వచ్చిన మనిషిని మాత్రం ఆటో అబ్బాయి దిగేదాకా అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు.

బడి ఆవరణలోనే ఒక పక్కగా ఉంది కేంద్రం. గుమ్మానికి మెట్ల బదులు ఏటవాలు దారి, దానికి ఇనుప కడ్డీ. గోడల మీద అక్షరాలు, పండ్లు, శరీర భాగాల బొమ్మలు. ఒక మూల నడక నేర్పే జంట కడ్డీలు, వాటి ఎదురుగా నిలువుటద్దం. చాప మీద ఐదుగురు పిల్లలు, ఒక టీచరు, ఒక ఆయా. ఇంకో టీచరు ఆ వేళ ఊళ్ల మీదికి పోయారు. కదలలేని పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పే రోజట అది.

టీచరు లేచి నిలబడి కుర్చీ చూపించారు. నేను చాప మీద కూర్చుంటానన్నాను. ఆ మాటకు ఒక పిల్ల గట్టిగా నవ్వింది. ఎందుకు నవ్విందో చివరిదాకా తెలియలేదు కానీ, నేను ఎటు కదిలినా నవ్వుతూనే ఉంది.

నా పక్కనే తొమ్మిదేళ్ల అబ్బాయి. వాడి ముందు ఒక చెక్క చట్రం, దానికి రెండు గుడ్డ ముక్కలు, ఒకవైపు పెద్ద పెద్ద గుండీలు, రెండోవైపు కాజాలు. గుండీని కాజాలోకి దూర్చాలి. వాడు గుండీ పట్టుకుంటాడు, కాజా దాకా తెస్తాడు, అక్కడ వేళ్లు విడిపోతాయి. మళ్లీ పట్టుకుంటాడు. నాలుక కొస పెదవుల మధ్య పెట్టి, ఊపిరి బిగబట్టి, మళ్లీ. టీచరు చెయ్యి వేయలేదు. నాకైతే రెండుసార్లు చెయ్యి ముందుకు పోయింది, వెనక్కి తీసుకున్నాను. మొదటి గుండీకి ఏడు నిమిషాలు పట్టింది. రెండోదానికి నాలుగు. రెండోది దూరగానే వాడు అద్దంలోకి చూసి తనకు తనే చప్పట్లు కొట్టుకున్నాడు.

"గుండీ పెట్టటం చిన్న పనేం కాదు సార్" అన్నారు టీచరు. "బొటనవేలూ చూపుడు వేలూ కలవాలి. అవి కలిస్తే రేపు ముద్ద కలుపుకుంటాడు, ఎల్లుండి పెన్సిలు పట్టుకుంటాడు. ఇప్పుడు చొక్కా వాడే వేసుకుంటే వాళ్లమ్మ కూలికి అరగంట ముందు పోతుంది. మా సిలబస్ అదే."

పోయిన వేసవి సెలవుల తర్వాత మొదలుపెట్టారట ఈ గుండీ పాఠం. జూన్ నుంచి ఫిబ్రవరికి రెండు గుండీలు.

రిజిస్టర్ చూపించమన్నాను. హాజరు పట్టీ తెరిచారు. పేరు, వయసు, ఊరు, వైకల్యం రకం, చివర ఇంకో గడి: 'చదువుతున్న పాఠశాల'. అక్కడ ఒక్కో పేరుకు ఒక్కో ఊరి బడి. ఇది చదువుతున్న పాఠశాల కాదా మరి అంటే టీచరు నవ్వారు. "వీళ్ల పేర్లన్నీ వాళ్ల వాళ్ల ఊరి స్కూళ్లలోనే ఉంటాయి సార్. యూడైస్ అని బడుల లెక్కలు తీస్తారే, వాటిలో అక్కడి పిల్లలే. ఇక్కడ మాది సహాయం మాత్రమే."

అడిగిన కొద్దీ విషయం తేటపడింది. భవిత కేంద్రం చూపుకు ప్రత్యేక బడి. కాగితం మీద బడే కాదు. సమగ్ర శిక్ష కింద, మండలంలోని ప్రత్యేక అవసరాల పిల్లలకు తోడ్పడే సహిత విద్యా వనరుల కేంద్రం. అంతే. పిల్లాడి పేరు ఊరి ప్రాథమిక పాఠశాలలో ఉండటం వెనక ఉద్దేశం మంచిదే. తోటి పిల్లల్లోంచి వాణ్ణి వేరు చేయకూడదు, ఇక్కడ మాట, నడక, చేతిపని కాస్త కుదిరాక తిరిగి ఆ తరగతిలోనే కూర్చోబెట్టాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్పేదీ ఇదే. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే, ఇందులో 21 అయ్యాయి. ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బంది లాంటివి అప్పుడే జాబితాలోకి ఎక్కాయి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య హక్కు అని 31వ సెక్షన్ చెబుతుంది. కదలలేని పిల్లలు ఇంటి దగ్గరే చదువుకునే వీలు 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణతో వచ్చింది.

అయితే ఈ ఏర్పాటులో ఒక తిరకాసు ఉంది. మన దేశంలో బడికి బలం దాని నమోదు సంఖ్య. పిల్లలు తగ్గితే టీచరును తీసేస్తారు, ఇంకా తగ్గితే బడినే కలిపేస్తారు. పెరిగితే కనీసం అడగటానికి ఒక నోరు ఉంటుంది. ఈ గదికి ఆ నోరు లేదు. ఇక్కడ ఎందరు చేరినా చేరినట్టు కాదు. పదిమంది పెరిగినా పోస్టు పెరగదు, ఎందుకంటే ఇక్కడ పోస్టు మండలం లెక్క. సాధారణంగా మండలానికి ఇద్దరు సహిత విద్యా టీచర్లు. వాళ్లను అందరూ ఐఈఆర్టీలంటారు.

ఆ ఇద్దరి పని ఏమిటో విన్నాను. కేంద్రంలో పాఠం. ఊరూరా తిరిగి కొత్త పిల్లల్ని గుర్తించడం. మామూలు బళ్లలో చేరిన పిల్లల దగ్గరికెళ్లి అక్కడి టీచర్లకు సలహా ఇవ్వడం. ఇళ్లకు పోయి కదలలేని పిల్లలకు చెప్పడం. నిర్ధారణ శిబిరాలకు తీసుకెళ్లి చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు వచ్చేలా చూడటం. ఒక్కో పిల్లాడికీ వేరుగా విద్యా ప్రణాళిక రాయడం. ఆపైన ఆన్‌లైన్ నమోదులు. ఫిజియోథెరపిస్టు వారానికో రోజు వస్తారు. ఆ రోజు హాజరు బాగుంటుందట. కాళ్లూ చేతులూ సాగదీస్తే ఫలితం తల్లుల కళ్లకు కనిపిస్తుంది మరి. గుండీ ఫలితం కనిపించటానికి ఏడాది కావాలి.

రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ఒక లెక్క కట్టింది. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక టీచరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు. 2025 మార్చిలో మళ్లీ రాష్ట్రాలను నిలదీసి, పోస్టులు ప్రకటించమంది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 ప్రత్యేక విద్య పోస్టులు మంజూరు చేసింది. వాటిలో 1,136 సెకండరీ గ్రేడ్ టీచర్లు (ఎస్జీటీలు), 1,124 స్కూల్ అసిస్టెంట్లు. ఇన్నాళ్లూ ఈ పని ఒప్పందం మీదే నడిచిందన్న సంగతికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. 2023 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులు రాష్ట్రమంతా సమ్మె చేసినప్పుడు అడిగినవాటిలో ఉద్యోగ భద్రత, పనికి తగిన జీతం ముందున్నాయి. సాంకేతికంగా చూస్తే వాళ్లది పథకం ఉద్యోగం. పథకానికి ఏటా ఢిల్లీలో ఆమోదం కావాలి, ఖర్చులో కేంద్రానిది అరవై పాళ్లు, రాష్ట్రానిది నలభై. ఏ పాలు ఆలస్యమైనా ఆ నెల ఇక్కడి మనిషికి జీతం ఆలస్యమవుతుంది.

ఇక పదికి ఒకరు అన్న లెక్క. అది ఒకే గదిలో పదిమంది కూర్చునే ఊరికి సరిపోతుంది. బెల్లంకొండ లాంటి మండలంలో పదిమంది పిల్లలు ఏడెనిమిది ఊళ్లలో ఉంటారు. టీచరు స్కూటీ మీద తిరిగే కిలోమీటర్లు ఏ నిష్పత్తిలోకీ రావు.

పన్నెండున్నరకు భోజనాల గంట కొట్టారు. ఇందాక గుండీలు పెట్టిన అబ్బాయికి ఆయా పళ్లెం ముందు పెట్టింది కానీ తినిపించలేదు. వాడే కలుపుకున్నాడు. సగం కింద పడింది. వాళ్లమ్మ అప్పుడే వచ్చి గుమ్మంలో కూర్చుంది. పులిచింతల ముంపులో ఊరు పోయి, పునరావాస కాలనీలో ఉంటున్నారు.

"రోజూ తీసుకొస్తావా అమ్మా?" అన్నాను.

"యాడ కుదురుద్ది సార్. ఇయ్యాల పని లేదు గాబట్టి వచ్చా. కోతలప్పుడు పోకపోతే ఎట్టా? ఆటోకి రానూ పోనూ అయితయ్యి. వీణ్ణి వొంటరిగా ఎక్కియ్యలేను గదా. నేనూ ఎక్కాల."

అంటే ఒక పిల్లాడి హాజరుకు ఇద్దరి ఛార్జీ, పైగా ఒకరి కూలి. రవాణా భత్యం, తోడు వచ్చేవాళ్లకు భత్యం అని పథకంలో ఉన్నాయి, నేరుగా ఖాతాలో పడతాయి. పడినప్పుడు పడతాయి అంది ఆవిడ, నిష్ఠూరంగా కాదు, వర్షం గురించి చెప్పినట్టు. మిరప కోతల నెలల్లో ఈ రిజిస్టర్లో గైర్హాజరు గుర్తులు ఎందుకు ఎక్కువో నాకప్పుడు తెలిసింది. పిల్లాడికి బడి ఇష్టం లేక కాదు. తీసుకొచ్చే చేతులు చేలో ఉన్నాయి.

"పింఛను వస్తోందా?"

"వస్తంది సార్. వైకల్యం సర్టిఫికెట్టు, ఆ సదరం కోసం పెద్దాసుపత్రికి మూడుసార్లు తిప్పుకున్నారు. వీడు నలుగురిలో నోరు విప్పడు. ఆళ్లడిగిందానికి పలకలేదని మళ్లీ రమ్మన్నారు. పలకలేకే గదా సార్ మేం పోయింది!"

టీచరూ నేనూ ఒకేసారి నవ్వాం. ఆవిడ కూడా నవ్వింది.

ఇంటికొచ్చాక రెండు అంకెలు పక్కపక్కన రాసుకున్నాను. దివ్యాంగుల పింఛను రాష్ట్రంలో 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు. ఏడాదికి 72,000. సమగ్ర శిక్షలో ప్రత్యేక అవసరాల పిల్లలకు, టీచర్ల జీతాలు కాకుండా, పరికరాలు, బోధన సామగ్రి, భత్యాల కోసం కట్టే లెక్క మనిషికి ఏడాదికి 3,500 వరకు. రోజుకు పది రూపాయలు కూడా పడదు. ఆడపిల్లలకు స్టైపెండు నెలకు 200, అది పది నెలలు.

పింఛను ఎక్కువైందని నేననను. ఆ ఇంట్లో బియ్యం వచ్చేది దాంతోనే, అందులో రూపాయి తగ్గినా పాపమే. అన్యాయం రెండో అంకెలో ఉంది. పిల్లాడు ఇంట్లో ఉన్నా వచ్చే డబ్బు 72 వేలు, వాణ్ణి గడప దాటించి గుండీ పెట్టించటానికి పెట్టేది మూడున్నర వేలు. ఆ మూడున్నర వేలను పెంచమని అడిగే ఊరేగింపు ఎక్కడా చూడలేదు. ఆ తల్లులకు ఊరేగింపుకు వెళ్లే తీరికెక్కడిది!

బయటికొచ్చేటప్పుడు పక్క బడి వరండాలో నల్లబల్ల కనిపించింది. నమోదు ఇంత, హాజరు ఇంత అని తరగతులవారీగా సుద్దముక్కతో చక్కగా రాసి ఉంది. భవిత గది బయట అలాంటి బల్ల లేదు.

ఇది చదివేవాళ్లకు ఒక మాట. మీ వీధిలో, మీ బంధువుల్లో ఇంటికే పరిమితమైన పిల్లలు ఎవరైనా ఉంటే, సదరం కాగితం వచ్చాక చూద్దాంలే అని ఆగకండి. కాగితం లేకపోయినా ఊరి బడి చేర్చుకోవాల్సిందే. ముందు అక్కడ పేరు రాయించండి, ఆ మర్నాడే మండల కేంద్రంలోని భవితకు తీసుకెళ్లండి. అడ్రసు ఎంఈవో ఆఫీసులో చెబుతారు. సదరం సర్టిఫికెట్ స్లాటు గ్రామ సచివాలయంలో తీసుకోవచ్చు, ఆ పనిలో ఐఈఆర్టీలు కూడా తోడుంటారు. మీకు బండి ఉండి, ఆ తల్లికి కోత ఉన్న రోజైతే, పిల్లాణ్ణి మీరే దించి రండి.