సంతకాలు మూడైనా బాకీ ఒక్కటే

ఆవకాయలో ఉప్పు సరిపోయిందో లేదో నాలుగుసార్లు చూసుకుంటాం. నోటు మీద సంతకం మాత్రం చదవకుండానే పెట్టేస్తాం. "నీదేముంది, ఊరికే పేరు కోసం" అంటారు ఇంట్లోవాళ్లు. ఆ 'ఊరికే' గురించే మీతో నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

మాది చిలకలూరిపేట. పత్తి, పొగాకు, మిర్చి మీద బతికే ఊరు. పెట్టుబడికి అప్పు చేయడం, పంట అమ్మి తీర్చడం మాకు మామూలే. బ్యాంకులున్నా, అవసరానికి చేతికందేది ప్రామిసరీ నోటే.

మా పక్కింటి వదిన, వాళ్లాయన, మరిది కలిసి ఒక నోటు రాసిచ్చారు. 90 వేలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. పంట పోయింది. మరిది ఊరు విడిచిపోయాడు. అన్నయ్యగారు మంచాన పడ్డారు. చివరికి లాయరు నోటీసు వదిన పేరున వచ్చింది, అసలూ వడ్డీ మొత్తానికి! "ముగ్గురం కదా చేసింది, అసలులో నా వంతు 30 వేలేగా?" అని ఆవిడ ఒకటే ఏడుపు.

వంతుల లెక్క అప్పిచ్చినవారికి పట్టదట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం రాసుకోకపోతే, కలిసి మాటిచ్చినవారిలో ఎవరినైనా పట్టుకుని మొత్తం అడగొచ్చు. ఒకరిని వదిలేసినా మిగతావారి బాధ్యత పోదు. కట్టినవారు మిగిలినవాళ్ల దగ్గర వాళ్ల వంతు రాబట్టుకోవచ్చు. వదిన నానుతాడు అమ్మి కట్టింది. మరిది వంతు ఇంకా రాలేదు. ఎప్పుడొస్తుందో, ఏమో!

అందుకే ఈ సంగతులు గుర్తుంచుకోండి. నోటులో రాసిచ్చినవారి వరుస వేరు, సాక్షుల వరుస వేరు. సాక్షిగా చేసిన సంతకానికి బాకీ అంటదు. మీ పేరు ఏ వరుసలో ఉందో చూడండి. హామీదారుగా చేసినా తప్పించుకోలేం, వేరేగా రాసుకుంటే తప్ప అప్పు తీసుకున్నవారితో సమానమే.

స్టాంపు అంటించిన ఖాళీ నోటు మీద సంతకం చేసి ఇవ్వకండి. దాన్ని నింపుకోమని మనమే అధికారం ఇచ్చినట్టని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం చెబుతోంది.

డబ్బు కట్టినప్పుడల్లా నోటు వెనక జమ రాయించండి. బాకీ తీరిన రోజే చెల్లు వేయించి, నోటు చేతికి తీసుకోండి.

ఇక జాయింటు ఖాతా ఉన్నవాళ్లకు కాస్త ఊరట. చెక్కు తిరిగొస్తే 138వ సెక్షన్ కింద పెట్టే కేసు సంతకం చేసినవారి మీదేనని, ఖాతాలో పేరుందని సంతకం చేయని భార్యను అందులోకి లాగడం కుదరదని అపర్ణా షా కేసులో సుప్రీంకోర్టు 2013లో తేల్చింది.

సంసారమన్నాక ఒకరికొకరు నిలబడాల్సిందే. అయినవాళ్లకు సంతకం చేయొద్దని నేను అనను. పెన్ను పట్టుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: "ఈ మొత్తమంతా నేనొక్కదాన్నే కట్టాల్సి వస్తే కట్టగలనా?" కట్టలేననిపిస్తే ఆ మాట అప్పుడే, అక్కడే చెప్పేయండి. ఆ పూట మొహం మాడ్చుకున్నవాళ్లు నాలుగు రోజులకు సర్దుకుంటారు.