ఫెజ్ నుంచి పత్తర్‌గట్టీ దాకా

నవంబర్ 3, మల్లాపూర్, హైదరాబాద్
మొరాకోలోని ఫెజ్‌కు నా వెంట ఒక్క కెమెరా, ఒక్క 35 ఎం.ఎం. లెన్సు. అంతే. అక్కడి పాతబస్తీలో గల్లీలు ఇరుకు, వెనక్కి జరిగి తీసే చోటుండదు. యాత్రికుడు ఇబ్న్ బతూతా మనకు చరిత్రలో తుగ్లక్ పాఠంలో తగులుతాడు. ఢిల్లీలో ఖాజీగా పనిచేసిన ఆ మనిషి తన ప్రయాణాలన్నీ చెప్పి రాయించింది ఫెజ్‌లోనే. ఆ పుస్తకం 1355లో పూర్తయింది. రాయించిన సుల్తాను అబూ ఇనాన్.

నవంబర్ 8, ఫెజ్
‘బాలాక్!’ (తప్పుకో!) అని వెనక నుంచి కేక. పక్కకు ఒరిగేలోపే తోళ్ల మూటలతో కంచరగాడిద భుజం రాసుకుంటూ పోయింది. 1981లో యునెస్కో జాబితాకెక్కిన ఈ బస్తీలోకి కార్లు రావు.

అబూ ఇనాన్ కట్టించిన మదరసా చూశాను. గోడకు కింద రంగు పలకలు, వాటిపైన సున్నపు చెక్కడం, ఆ పైన దేవదారు కలప. మూడూ ఒకే ఫ్రేములో ఇరికిస్తే ఏదీ మిగలదు. పలకల దగ్గరే ఆగిపోయాను.

నవంబర్ 9
జెల్లీజ్ (ముక్కలు పేర్చే పలకల పని) పనివాళ్ల దగ్గర పొద్దంతా గడిచిపోయింది. మెరుగు పలకను సుత్తితో చెక్కి నక్షత్రం, రేకు, పట్టీ చేస్తారు. వాటిని నేలమీద బోర్లా పేరుస్తారు. రంగు కిందికి, మట్టి వీపు పైకి. వెనక నుంచి గచ్చు పోసి, ఆరాక ఎత్తుతారు. అప్పటిదాకా ఆ డిజైనంతా మేస్త్రీ తలలోనే ఉంటుంది. ఈ పట్టణంలో నన్ను ఇంత కదిలించింది ఇంకోటి లేదు.

నవంబర్ 10
షువారా తోళ్ల తొట్లు. మేడ ఎక్కుతుంటే పుదీనా రెమ్మ చేతిలో పెట్టారు, వాసనకు. తోలు మెత్తబడటానికి సున్నం, పావురాల రెట్ట. పైనుంచి తీస్తే రంగులు బ్రహ్మాండంగా వస్తాయి, మనుషులు చుక్కలైపోతారు. ఆ ఫోటో నాకొద్దు. కిందికి దిగి అడిగాను. ఒకాయన మొహం వద్దని చేతులు చాపాడు. మోచేతుల దాకా పసుపు రంగు.

నవంబర్ 19, మల్లాపూర్
పైవాటా తమ్ముడికి ఫోటోలు చూపించాను. నాచారంలో కెమికల్ ఫ్యాక్టరీలో పని. మదరసా గబగబా దాటేశాడు. ఆ చేతుల దగ్గర ఆగి, ‘గ్లౌజులిస్తలేరా అన్నా? సున్నంల గంతసేపు ఎట్ల నిలవడుతరు?’ అన్నాడు. ఇప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న.

నవంబర్ 23
హబ్సిగూడలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్స్‌లో మారి ఎంజీబీఎస్. అక్కణ్నుంచి పత్తర్‌గట్టీ దగ్గరి బాద్షాహీ అషుర్‌ఖానా, మొహర్రం పీర్లు నిలిపే చోటు. చార్మినార్ చుట్టూ తిరిగేవాళ్లలో ఎందరు ఇటు వస్తారు! కుతుబ్‌షాహీల కాలంలో, 1611 ప్రాంతంలో, ఇక్కడా పలకలను ముక్కముక్కా కోసి పేర్చారు. అలం (పీరు) ఆకారాలు, ఆవపసుపు, నీలం. ఫెజ్‌లో లేనంత పసుపు.

1908 మూసీ వరదలో దెబ్బతిన్న చోట తర్వాత రంగులు పూసి నింపారు. దగ్గరికెళ్తే తేడా తెలుస్తుంది. అసలు పనిలో ప్రతి ముక్కకూ సన్నటి అంచు ఉంటుంది, పూతలో ఉండదు. అడిగి, ఆ రెండూ కలిసే చోటే తీశాను. అందంగా ఉన్న భాగాన్ని అందరూ తీస్తారు. రేపు బాగుచేసేవాళ్లకు అక్కరకొచ్చేవి ఈ సరిహద్దు ఫోటోలే. గోడ పొడవునా తీయాలి. సెలవురోజు కుదరదు, వారం మధ్యలో పొద్దున్నే రావాలి.