ఖాలా బాల్కనీ, అల్ సూఫీ మబ్బు

ఇషా నమాజ్ అయ్యాక మస్జిద్ మెట్ల మీద చెప్పులు వేసుకుంటుంటే ఒక పెద్దాయన అబ్బాని పక్కకి తీసుకెళ్ళారు. ఇంటికొచ్చేదాకా అబ్బా ఏం మాట్లాడలేదు. వచ్చాక ఒక్కటే అడిగారు, "రాత్రుళ్ళు సెహన్‌లో కెమెరా పెట్టి ఏం తీస్తున్నావ్ రా?"

మాది హైదరాబాద్, మెహదీపట్నంలో ఒక ఇరుకు గల్లీ. ఇంటి వెనక సెహన్‌లో నిలబడితే చుట్టూ మూడంతస్తులు, నాలుగంతస్తులు. పైన చాదరంత ఆస్మాన్. నా కెమెరా చూసేది ఆ ముక్కనే. పైనుంచి చూసేవాళ్ళకి మాత్రం అది పక్కింటి ఖాలా మూడో అంతస్తు బాల్కనీ వైపు ఎత్తిపెట్టినట్టే ఉంటుంది. ఆ బాల్కనీలో వాళ్ళమ్మాయిలు బట్టలారేస్తారు. నా బుర్రకి ఆ సంగతే తట్టలేదు.

నేను తీస్తున్నది ఆండ్రోమెడా గెలాక్సీని. వెయ్యేళ్ళ కిందట, 964 ప్రాంతంలో, అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ తన సితారాల కితాబులో దాన్ని చిన్న మబ్బులా ఉందని రాశారు. దుర్బీన్ లేని జమానా, ఉత్త కంటితో చూశారు. మా గల్లీలో అది కంటికి కనపడదు. వీధి ఎల్‌ఈడీలు, షాదీఖానా సీరియల్ బల్బులు కలిసి ఆస్మాన్‌ని పాలెక్కువైన చాయ్ రంగులోకి తెచ్చేశాయి. పాత పసుప్పచ్చ సోడియం దీపాల రోష్నీని ఫిల్టర్‌తో చాలావరకు ఆపొచ్చు. తెల్ల ఎల్‌ఈడీలో అన్ని రంగులూ ఉంటాయి, ఏది ఆపాలి?

నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్ కెమెరా, 50 ఎం.ఎం. లెన్స్, స్టాండు. భూమి తిరుగుతుంది కాబట్టి ఎక్కువసేపు తెరిచి ఉంచితే నుక్తాలా ఉండాల్సిన సితారా గీతైపోతుంది. అందుకని 4 సెకన్ల ఫొటోలు 400 తీస్తాను. ఒక్కోదాంట్లో ఏమీ లేదనిపిస్తుంది. డీప్‌స్కైస్టాకర్ అని ముఫ్త్‌గా దొరికే సాఫ్ట్‌వేర్ సితారాల్ని సరిపోల్చుకుని వాటిని ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. గెలాక్సీ ప్రతిసారీ అదే జాగాకి వస్తుంది, కెమెరా పుట్టించే గింజల్లాంటి మచ్చలు మాత్రం ఒక్కోసారి ఒక్కోచోట. 400 కలిపి సగటు తీస్తే ఆ మచ్చలు ఇరవయ్యో వంతుకి తగ్గిపోతాయి. మిగిలిన వీధి వెలుగుని చివర్లో తీసేస్తాను.

ఇదంతా అబ్బాకి చెబితే, "నాకు కాదు, ఖాలాకి చెప్పు" అన్నారు.

మర్నాడు అమ్మీని తోడు తీసుకుని, లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను. ఖాలా సలాంకి జవాబిచ్చారు గాని కూర్చోమనలేదు. ఫొటోలన్నీ చూపించమన్నారు. ఒకటి తర్వాత ఒకటి, అన్నీ. చివరి ముప్ఫయ్యింట్లో ఒక మూల ఆవిడ బాల్కనీ గ్రిల్ పడింది. అల్లా కసమ్, నేను అప్పటిదాకా గమనించలేదు. గెలాక్సీ జరుగుతుంటే కెమెరాని కూడా జరిపాను, అక్కడ దొర్లింది. మనుషులెవరూ లేరు, అయినా నా మొహం చెల్లలేదు. ఆవిడ ఎదురుగానే అవన్నీ తుడిచేసి మాఫీ అడిగాను.

తర్వాత పేర్చిన ఫొటో చూపించాను. మధ్యలో బియ్యపు గింజంత తెల్లటి మసక.

"ఇత్తా హీచ్?" అన్నారు ఖాలా.

ఆ వెలుగు మన దగ్గరికి రావడానికి దాదాపు 25 లక్షల ఏళ్ళు పట్టిందన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. అదే ఫొటోల్లో కాకుండా ఇంకో రోజు తీసిన కృత్తికల గుంపు చూపించి, అరబ్బీలో దీని పేరే సురయ్యా అన్నాను. "మా నానీ పేరు!" అన్నారు. అప్పుడు కూర్చోమన్నారు.

ఆ రాత్రి పది దాటాక ఖాలా ఇద్దరు కూతుళ్ళతో మా సెహన్‌లోకి దిగారు. సురయ్యాలో ఆవిడకి నాలుగు సితారాలు కనపడ్డాయి, చిన్నమ్మాయి ఆరు లెక్కపెట్టింది. ఇప్పుడు నేను శనివారాలే తీస్తాను, ముందు అమ్మీ ఫోన్ చేసి చెబుతుంది, ఖాలా బాల్కనీ బల్బు ఆర్పి తలుపేసుకుంటారు. వీధి దీపానికి ఫోన్ చేయలేం, లెన్స్ చుట్టూ నల్ల చార్టు చుట్టుకుంటున్నాను.

అబ్బా మాత్రం ఫొటో పెద్ద సైజులో ప్రింట్ తీయించమంటున్నారు. మస్జిద్‌లో ఆ పెద్దాయనకి చూపించాలట. ఫోన్‌లో చూపిస్తే నమ్మరట.