బంతి మొక్కలు పీకిన రోజు

1982లో నేను బి.ఎస్సీ. రెండో ఏడు. మా కాలేజీ తోటలో బంతిపూలు సంక్రాంతికి విరగబూసి, ఫిబ్రవరి చివరికి వాడుముఖం పట్టాయి. వార్షికోత్సవానికి తోట శుభ్రం చేయించే పని యూనియన్ నాకు అప్పగించింది. ఎండు మొక్కల్ని చూసి అతిథులు ఏమనుకుంటారో అని నా దిగులు. తోటమాలి తాత ఊరెళ్లిన సమయం చూసి, నలుగురు మిత్రులతో కలిసి మొత్తం పీకేసి, రెండ్రోజులు ఎండబెట్టి తగలబెట్టించాను. పైగా ఘనకార్యం చేశామన్న గర్వం కూడాను!

తాత తిరిగొచ్చి బూడిదకుప్ప దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"విత్తనం తీయకుండానే పీకేశారా బాబూ?" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది. ఏటేటా విత్తనం దాచుకుంటూ వచ్చిన నాటుబంతి అదని తర్వాత తెలిసింది.

వారం పోయాక సిగ్గుపడుతూనే అడిగాను, "పూత అయిపోయిన మొక్కని ఏం చెయ్యాలి తాతా?" అని. ఓపిగ్గా చెప్పాడు. బలమైన మొక్కల మీద మంచి పూలు కొన్ని కోయకుండా వదలాలి. అవి కొమ్మమీదే ఎండాక తీసి, నీడన ఆరబెట్టి, పొట్లం కట్టుకోవాలి. మొక్కను నేలమట్టానికి కోసి, వేరును మట్టిలోనే ఉంచితే అది కుళ్లి నేలకు సత్తువనిస్తుంది. కొమ్మల్ని తుంచి, పేడతో కలిపి ఎరువుగుంతలో వేయాలి. తెగులు సోకిన మొక్కను మాత్రం వేరుతో సహా తీసేయాలి, గుంతలోకి రానివ్వకూడదు. చామంతి సంగతి వేరు. పూలయ్యాక కొమ్మలు కత్తిరిస్తే మొదట్లో పిలకలొస్తాయి, వాటినే విడదీసి నాటుకోవచ్చు.

తాత చెప్పనివి రెండు తర్వాత పుస్తకాల్లో చదివాను. బంతివేళ్లలో ఆల్ఫా-టెర్థీనైల్ అనే పదార్థం ఉంది. కూరగాయల వేళ్లకు బొడిపెలు తెప్పించే నులిపురుగుల్ని అది అణచగలదు. రెండోది, హైబ్రిడ్ పూల నుంచి విత్తనం తీస్తే, పిల్లమొక్క తల్లిని పోలి ఉంటుందన్న నమ్మకం లేదు. దాచుకోవలసింది నాటు విత్తనమే. నేను తగలబెట్టింది సరిగ్గా దాన్నే.

ఆ వర్షాకాలంలో కొట్లో కొన్న పొట్లం విప్పి చల్లాం. పూలు పెద్దవే పూశాయి. తాత ఒకసారి చూసి, "బాగానే ఉన్నాయిలే బాబూ" అన్నాడు. ఆ "లే" నాకింకా వినబడుతూనే ఉంది.

ఈ సంచిక చదివే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్క మనవి. వార్షికోత్సవానికి తోట శుభ్రం చేసేముందు తోటమాలిని ఒక మాట అడగండి.