ఊరి బయట కిరీటం

ఫ్లోరెన్స్‌లో కవి దాంతే ముఖం నుంచి తప్పించుకోలేం. ఫ్రిజ్ మాగ్నెట్ల మీద, చేతిసంచుల మీద అదే వంకీ ముక్కు, అదే ఎర్ర టోపీ, దాని చుట్టూ లారెల్ ఆకుల దండ. లారెల్ మన బిర్యానీ ఆకుకు దూరపు చుట్టం. అపోలో వెంటపడితే డాఫ్నీ మారిపోయిన చెట్టు అదేనని గ్రీకుల కథ. ఆకు వాడదు కాబట్టి కవి కీర్తికి గుర్తయింది.

దండ లేని దాంతేని చూద్దామని ముందు బార్జెల్లోకి వెళ్లాను. ఇప్పుడది శిల్పాల మ్యూజియం, అప్పట్లో నగర పాలనాధికారి కచేరీ. 1302లో దాంతేని ఊరి నుంచి వెళ్లగొట్టి, ఆపైన దొరికితే తగలబెట్టమన్నది ఆ పదవిలో ఉన్నవాడే. లోపలి ప్రార్థన మందిరం గోడ మీద, స్వర్గంలోని జనంలో ఒకడిగా దాంతేని చిత్రించింది జొత్తో బృందం. సున్నం పొరల కింద మరుగున పడిన ఆ బొమ్మ 1840లో మళ్లీ బయటపడింది. మనకు మిగిలిన బొమ్మల్లో ఆయన కాలానికి బాగా దగ్గరిది ఇదే. తల మీద ఒక్క ఆకు కూడా లేదు.

ఉండదు మరి. బతికుండగా ఆయనకు లారెల్ కిరీటం పెట్టే సత్కారం జరగలేదు. బొలోన్యా రమ్మని, కిరీటం పెడతామని పిలుపొస్తే ఒప్పుకోలేదు. పెడితే తన ఊళ్లో, తనకు బాప్తిస్మం ఇచ్చిన చోటే పెట్టాలన్నది ఆయన పంతం. మరో కవి పెత్రార్కాకు 1341లో రోములో ఆ గౌరవం దక్కేనాటికి దాంతే పోయి ఇరవై ఏళ్లు.

ఆ బాప్తిస్మశాలకు ఎదురుగానే ఉంది కెథెడ్రల్. పెద్ద క్యూ దాటి లోపలికెళితే ఎడమ గోడకు 1465లో దొమెనికో ది మికెలీనో వేసిన చిత్రం. దాంతే చేతిలో తెరిచిన పుస్తకం, టోపీ మీద పచ్చటి లారెల్ దండ. పుస్తకంలోంచి వెలుగు ఊరి వైపు పారుతోంది. ఆయన మాత్రం ప్రాకారానికి ఇవతలే నిలబడి ఉన్నాడు! కిరీటం పెట్టారు, ఊళ్లోకి రానివ్వలేదు. చిత్రకారుడు కావాలనే అలా వేశాడని నా నమ్మకం.

సాంతా క్రోచే చర్చిలో ఆయన సమాధి ఉత్తదే. అస్థికలు రావెన్నాలో ఉన్నాయి. 1519లో పోప్ అనుమతితో ఫ్లోరెన్స్ వాళ్లు తెచ్చుకోబోయారు. సమాధి చెక్కిపెడతానని, పోప్‌కు పంపిన విన్నపం మీద మైకెలాంజెలో కూడా సంతకం చేశాడు. తీరా రావెన్నాలో తెరిచి చూస్తే లోపల ఏమీ లేదు. అక్కడి సన్యాసులు ముందే దాచేశారు.