ఏం పూసిందిరా?

కాలనీకి వచ్చిన మొదటి ఏడాది మా తాత మామిడికాయ ముట్టలేదు. అరగదని కాదు, కొత్త కాలేదని. ఊళ్లో ఉండగా మామిడి కొత్త చేసి, దేవతకు పెట్టాకే కాయ నోట్లో వేసుకునేవాళ్లం. కాలనీలో ఆ పండుగ ఎప్పుడు చేయాలో, ఏ చెట్టును చూసి చెప్పాలో ఎవరికీ తోచలేదు. వరసగా సిమెంటు ఇళ్లు, మధ్యలో రోడ్డు. చెట్టన్నది లేదు.

మేం కొండరెడ్లం. దేవీపట్నం మండలంలో గోదావరి ఒడ్డున మా ఊరు ఉండేది. పోలవరం ముంపులో పోయింది. 2019 ఆగస్టు వరదకు నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. ఆ తర్వాత గోకవరం వైపు వచ్చేశాం. ఊరంతా ఒకచోటికి కాదు, తలో కాలనీకి.

బడిలో ఆరు రుతువుల పేర్లు గడగడా అప్పజెప్పినవాళ్లమే మేమూ. కొండ మీద మాత్రం ఆ పేర్లతో ఎప్పుడూ పని పడలేదు. ఇప్ప రాలితే ఒక కాలం, తునికాకు కోస్తే ఒక కాలం, పోడులో సామ కంకి వేస్తే ఒక కాలం. కాలనీలో ఎండైతే ఫ్యాను, వానైతే బురద, అంతే.

మేం నలుగురం, సైకిళ్లు మూడు. ఒకటి మా చెల్లికి బడిలో ఇచ్చింది. దాని క్యారియరు గట్టిది కాబట్టి నాలుగోవాడు ఎప్పుడూ దాని మీదే. మొదట పని కోసమే తొక్కాం. ఊడ్పులకో కోతలకో మనుషులు కావాలంటే కోరుకొండ, రాజమండ్రి దాటి కడియం, మండపేట దాకా పోయేవాళ్లం. తర్వాత పని లేకపోయినా పోవడం అలవాటైంది. తాత వల్ల. ఎక్కడికెళ్లి వచ్చినా గుమ్మంలో కూర్చుని ఒకటే ప్రశ్న: "ఏం పూసిందిరా?"

మొదట్లో చెప్పడానికి మా దగ్గర ఏమీ ఉండేది కాదు. డెల్టాలో ఏం పూస్తుంది? కడియం నర్సరీల్లో చలికాలం చామంతులు కనుచూపు మేర పూస్తాయి, కానీ అవి సంచుల్లో పూసే పూలు. వాటితో కాలం చెబితే తాత నమ్మడు. కొన్నాళ్లకు మాకు తెలిసింది, అక్కడ కాలాన్ని చెప్పేది చెట్టు కాదు, కాలువ. వేసవిలో కాలువ కట్టేస్తారు. అడుగున బురద నెర్రెలిస్తుంది, పిల్లలు అందులోనే క్రికెట్ ఆడతారు. కాలువ వదిలారంటే సార్వా మొదలు, నారుమళ్లు. ధవళేశ్వరంలో కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తి చేయించినప్పటి నుంచీ వాళ్లకు ఇదే పంచాంగం. ఇప్పుడున్న బ్యారేజి కింద పది లక్షల ఎకరాలకు పైగా పారుతుంది. గోదావరి రేవుల్లో ఆ దొర పేరున పిండం పెట్టేవాళ్లు ఉన్నారంటే తాత చాలాసేపు నవ్వాడు. ఆనక, "పెట్టాల్సిందేలే, నీళ్లిచ్చాడుగా" అన్నాడు.

2022 జులైలో మాత్రం కబురు చెప్పడానికి నోరు రాలేదు. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఆ ఏడు అదీ దాటి, పాతిక లక్షల క్యూసెక్కులకు పైగా పారింది. గట్టు మీద సైకిళ్లు ఆనించి చూస్తూ నిలబడ్డాం. కొట్టుకొస్తున్న దుంగల్లో మా ఊరి చింతమాను ఉందేమోనని వెతికాం, పిచ్చి కాకపోతే. జనం పులసల గురించి మాట్లాడుకుంటున్నారు. ఎర్రనీరు తగలగానే అది సముద్రం వదిలి ఏటికి ఎదురీదుతుంది కదా. ఒక్క చేప వేలల్లో పలుకుతుంది.

దాళ్వా రోజుల్లో ఒకసారి మండపేట అవతల కాలవగట్టు మీద తుమ్మముల్లు దిగింది. పంక్చరు కొట్టు పెద్దాయన ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచుతూ అడిగాడు.

"ఏ ఊరండీ మనది?"

"ఏజెన్సీ అండి. దేవీపట్నం వైపు."

"అంత దూరం తొక్కుకొచ్చారా! పనికా?"

"కాదండి, చూడ్డానికి."

"ఇక్కడ చూడ్డానికేవుందండీ, చేలూ నీళ్లూ తప్ప!"

"ఆ నీళ్లే చూద్దామని. ఎక్కణ్ణించి వస్తాయండి ఇవి?"

"ధవళేశ్వరం నుంచండీ, ఆయ్!"

ఆయనకు ఎగువన గోదావరి ఉందని తెలియక కాదు. ఆ మాట తలచుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు, అంతే. దాళ్వాకు గోదాట్లో నీళ్లు చాలనప్పుడు పైన సీలేరు నుంచి వదులుతారు. మన్యం కొండల మధ్య నుంచి వచ్చే సీలేరు శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదాట్లో. అక్కడి నుంచి పాపికొండలు, మునిగిన మా ఊరు, ఆపైన ధవళేశ్వరం. ఇదంతా ఆయనకు చెప్పాం. పంపు కొట్టడం ఆపి విన్నాడు. "మీ ఊరి మీదుగానే వస్తున్నాయన్నమాట" అని, డబ్బులు తీసుకోలేదు. బలవంతం మీద సగం తీసుకున్నాడు. (ఈ పుస్తకం చదివే పంతుళ్లకు ఒక మాట: నదుల పాఠం చెప్పేటప్పుడు పటాన్ని ధవళేశ్వరం దగ్గర ఆపకండి.)

ఆ ఏడు నుంచి మా సైకిళ్లు పైకి కూడా తిరిగాయి. రంపచోడవరం దాటాక మారేడుమిల్లి దారిలో తొక్కేదానికన్నా నెట్టేదే ఎక్కువ. పుష్యమాసంలో కొండచీపుర్ల కట్టలు నెత్తిన పెట్టుకుని సంతకు దిగే ఆడవాళ్లు ఎదురయ్యేవారు. జీలుగు చెట్టుకు కుండ కట్టారో లేదో చూసి వచ్చి చెప్పేవాళ్లం. రుచి కూడా చూశామని చెప్పేవాళ్లం కాదు. తాతకు తెలిసిపోయేదనుకోండి.

మొన్న ఫాల్గుణంలో ఇప్పపూలు తువ్వాల్లో మూటకట్టి తెచ్చాం. తాత రెండు పూలు నలిపి వాసన చూశాడు.

"ఏ దిక్కు వాలులోవి?"

చెప్పాం.

"మామిడి ఎంత లావుంది అక్కడ?"

చూపుడు వేలు మొదటి కణుపు దాకా చూపించాం. ఆయన ఆకాశం కేసి చూడలేదు, కాలెండరూ అడగలేదు. వేళ్లు లెక్కపెట్టుకుని, కొత్త ఎప్పుడో చెప్పేశాడు. వెంటనే మన ఊరివాళ్లున్న కాలనీలన్నిటికీ కబురు చెప్పి రమ్మన్నాడు.

వెనక టైరులో గాలి తక్కువుంది. కొట్టుకుని బయల్దేరాం.