నల్లరేగడిలో పరలోక మాత

విరుదునగర్ దాటి సాత్తూరు మీదుగా దక్షిణానికి వస్తుంటే రోడ్డుకు రెండువైపులా నల్లరేగడి. పత్తి, మిరప, సజ్జ పండే నేల. కోవిల్‌పట్టిలో బస్సు మారి కామనాయక్కన్‌పట్టి చేరాను. ఈ ప్రాంతపు కేథడ్రల్ పాళయంకోట్టైలో ఉంది, శౌరివారి పేరుతో. పాళయంకోట్టై మేత్రాసనం మదురై నుంచి విడివడింది 1973లో. కానీ ఈ సీమలో కథోలిక విశ్వాసం ఎలా వేళ్లూనుకుందో తెలియాలంటే రావలసింది ఈ పల్లెకే, పరలోక మాత గుడికే.

తెలుగువాళ్లు ఈ గుడిని పరాయిదనుకోకూడదని నా కోరిక. మదురై నాయకరాజుల కొలువులో తెలుగు నడిచేది. 1606లో మదురై వచ్చిన జెస్యూట్ మిషనరీ రాబర్ట్ డి నోబిలి తమిళ సంస్కృతాలతో పాటు తెలుగూ నేర్చుకున్నాడు. ఈ చుట్టుపక్కల పాలెగాళ్లూ చాలామంది తెలుగు మాట్లాడినవాళ్లే. ఎట్టయాపురంవారూ అంతే, కయత్తారులో 1799లో ఉరికంబమెక్కిన కట్టబొమ్మనా అంతే. పాలెగాడి అండ లేనిదే ఆ రోజుల్లో ఇక్కడ ఏ గుడీ నిలిచేది కాదు. ఎట్టయాపురం పాలెగాడు ఈ గుడికి అభయమిచ్చాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

1711 ప్రాంతంలో ఇటలీ నుంచి వచ్చిన మరో జెస్యూట్ మిషనరీ కాన్‌స్టాంటైన్ బెస్కీ తన తొలి రోజులు గడిపింది ఇక్కడే. తమిళులకు ఆయన వీరమామునివర్. పునీత జోసెఫ్‌ను నాయకుణ్ణి చేసి 'తేంబావణి' కావ్యం రాశాడు. 'చతురకరాది' నిఘంటువు కూర్చాడు. మన పరమానందయ్య శిష్యులకు దగ్గరి చుట్టాలనిపించే పరమార్థ గురువు కథ కూడా ఆయనదే. ఇంతటి తమిళానికి ఓనమాలు దిద్దిన ఊళ్లలో ఇదొకటి. రెడ్లు, నాయుళ్లు, దేవర్లు, నాడార్లు పక్కపక్కన బతికే ఈ సీమలో ఆయన చెవిన పడింది ఒక్క తమిళమే అయి ఉండదు.

నోబిలి, బెస్కీలు పనిచేసిన ఆనాటి మదురై మిషన్ గుళ్లు చాలావరకు మట్టిగోడలు, తాటాకు కప్పులు. ఇప్పుడు కనిపించేది ఎత్తైన పెద్ద కట్టడం. లోపల పొడవాటి మంటపం, చివర బలిపీఠం, దాని పైన మాత స్వరూపం. ఇంతవరకు ఏ కథోలిక గుడికైనా ఇదే అమరిక. అందుకే నేను లోపలికన్నా బయటే ఎక్కువసేపు తిరిగాను. గుడి ముందు ధ్వజస్తంభం. పండుగ మొదలయ్యేది ఇక్కడ జెండా ఎక్కించిన రోజునే. రథం తిరిగే వీధులు కూడా గుడిలో భాగమే అనిపించింది. నాలుగు గోడల కొలతలు రాసుకుని వెళ్లిపోయేవాళ్లకు ఈ ఆలయం సగమే కనిపిస్తుంది. గర్భగుడి, ధ్వజస్తంభం, తేరువీధి అన్న వరుస దక్షిణాదివాళ్లకు ఒంటబట్టిన వరుస. ఇక్కడి క్రైస్తవులు దాన్ని వదులుకోలేదు. ఆ తెలివి నాకు చాలా నచ్చింది.

ఆగస్టు 15 మోక్షారోపణ పండుగ. మరియమ్మ ఆత్మశరీరాలతో పరలోకం చేరిందన్న విశ్వాసాన్ని పన్నెండో భక్తినాథ (పయస్) పాపుగారు 1950 నవంబరు 1న వేదసత్యంగా ప్రకటించారు. ఈ పల్లె జనం రోమ్ ప్రకటన కోసం ఆగలేదు. అంతకు ఎంతో ముందు నుంచే ఆ తల్లి పేరు మీద తేరు లాగుతున్నారు.

గుడి ఎదుటి టీ దుకాణంలో ఒక పెద్దాయన నా మాట విని, "ఆంధ్రా నుంచి వచ్చిండారా అయ్యా? మా యింట్లోనూ తెలుగే" అన్నాడు. ఆయన హిందువు. పండుగకు తప్పకుండా వస్తాడట. తేరు వెనక పొర్లుదండాలు పెట్టేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారని చెప్పాడు. "అమ్మ అందరికీ అమ్మే గదా" అంటూ నా టీ డబ్బులు కూడా తనే ఇచ్చేశాడు.

ఆగస్టులో వెళ్లేవాళ్లు బస కోవిల్‌పట్టిలో ముందుగానే చూసుకోవాలి. గుడి తీరిగ్గా చూడాలనుకునేవాళ్లకు మాత్రం మామూలు రోజులే మేలు.